శ్యామలక్కను తీసేయాలా?

తర్లుపాడు,
9 జూలై 2023

అమ్మాయి రోజీకి,

మీ మేనత్త ఎలీషబా దీవించి రాసేది. నీ ఉత్తరం అందింది. ఈ కాలంలో కూడా ఉత్తరాలేందమ్మా అని పోస్టుమ్యాన్ నవ్వినాడు. నువ్వు ఒంగోలు హాస్టల్లో ఉన్నప్పటి నుంచి మనకు ఇది అలవాటని ఆయనకేం తెలుసు. ఫోన్లో మాట్లాడితే షెడ్డులో ఆడవాళ్ళంతా మధ్యలో మాట కలుపుతారు. కాగితం మీదయితే మనిద్దరమే.

కాలేజీలో నీకు కొత్త పాఠం ఇచ్చినారని చదివి సంతోషపడినాను. వ్యాపారం నేర్పే చోట, భూమిని, నీళ్ళను, మనుషులను పాడుచేయకుండా వ్యాపారం ఎట్ల చేయాలో చెప్పే పాఠం అన్నావు. మంచిదే. మరి ఇన్నాళ్ళూ అది లేకుండా ఏం నేర్పించినారో. మీ నాయన దేవరాజు ఉండుంటే ఊరంతా చెప్పుకొని తిరిగేవాడు.

మా షెడ్డు గురించి వివరంగా రాయమన్నావు. నీకు తెలియనిది ఏముంది? ఫ్యాక్టరీలవాళ్ళు పారబోసిన పలకరాయి ముక్కలు తెచ్చుకుంటాము. కోసి, అంచులు అరగదీసి, ఇంటి ముందు పెట్టుకునే పేర్ల పలకలు, బైబిలు వాక్యాల పలకలు చేస్తాము. మేమంతా ఒకప్పుడు పొడి రాయి కోసే షెడ్లలో కూలికి పోయినవాళ్ళమే. ఆ దుమ్ము మీ జోసెఫ్ మామను ఎట్ల తీసుకుపోయిందో నువ్వు చూసినావు. అందుకే మాకు ఒక కట్టుబాటు ఉంది. తడపకుండా రాయి ముట్టకూడదు. నీళ్ళ ట్యాంకరు రాని రోజు ప్రార్థన చేసుకొని ఇంటికి పోతాము. ఇంకొకటి, ఎవరు ఎంత పని చేసినా వచ్చింది సమానంగా పంచుకోవాలి. ఆ మాట పెట్టింది మా తోడికోడలు, మీ శ్యామలత్త.

శ్యామలక్క ఇప్పుడు మిషను దగ్గరికి రాదు. పాత దగ్గు. నీళ్ళ తొట్టి అవతల కూర్చొని పలకల మీద రంగుతో అక్షరాలు రాస్తుంది. నీకు ఓనమాలు దిద్దించిన చెయ్యే కదా, నీకు చెప్పేదేముంది. కానీ ఈ మధ్య ఆ చెయ్యి వణుకుతా ఉంది. మిగతావాళ్ళ పనిలో సగం కూడా కావడం లేదు. చూస్తే నాకు దిగులుగా ఉంటుంది రోజీ, ఇంకా ఎన్నాళ్ళు ఇట్ల కూర్చోగలుగుతుందో అని. ఈ మాట ఎవరితోనూ అనలేదు. నీతోనే.

వాన ఇంకా పడలేదు. వేళకు తిను.

మీ అత్త
ఎలీషబా


హైదరాబాదు,
23 జూలై 2023

అత్తా,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మూడోసారి క్లాసులో చదివి వినిపించాను. ఎవరూ ఫోను ముట్టుకోలేదు!

నీకొక సంగతి చెప్పాలి. మా దగ్గర పాఠాన్ని కేసు రూపంలో చెబుతాము. ఎక్కడో ఒక కంపెనీలో నిజంగా జరిగినదాన్ని పది పేజీల్లో రాసి, చివర ఒక ప్రశ్న దగ్గర ఆపేస్తాము. స్టూడెంట్లు ఆ మనిషి కుర్చీలో కూర్చున్నట్టు ఆలోచించి, ఏం చేయాలో చెప్పాలి. వాదించుకుంటారు, చేతులెత్తి ఓటు వేస్తారు. మేము చెప్పే కేసులన్నీ విదేశాలవే. అక్కడి ఫ్యాక్టరీలు, అక్కడి దొరలు. మన తర్లుపాడు షెడ్డు మీద ఒక కేసు రాయాలని ఉంది. పారేసిన రాయితో బతుకు, తడిపితే గానీ ముట్టని నియమం, సమానమైన వాటా. ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలోనూ లేదు.

ఒప్పుకుంటే ఒక్క ముక్క రాయి. శ్యామలత్తను కూడా అడుగు. ఆమె దగ్గుకు ఏం మందు వాడుతున్నారు?

ఇక్కడ క్యాంటీన్ పప్పులో పప్పు ఉండదు.

నీ
రోజీ


తర్లుపాడు,
6 ఆగస్టు 2023

రోజీ తల్లీ,

నువ్వు క్షేమమని తెలిసి దేవునికి స్తుతులు చెల్లించినాను. కానీ నా ఉత్తరం అంతమంది ముందు చదివినావా? నా అక్షరదోషాలు కూడా చదివినావా? సిగ్గయింది.

కేసు అనే మాట చూసి పోలీసు కేసేమో అనుకున్నాను. షెడ్డులో చదివి చెప్తే శ్యామలక్క ఏమన్నదో తెలుసా? "నీ మేనకోడలు మన మీద కేసు పెట్టిందంట ఎలీషా, బెయిలుకు ఎవరు వస్తారే?" అందరూ పనులు ఆపి నవ్వినారు. నవ్వితే అక్కకు దగ్గు తెర వచ్చింది. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకొని, మళ్ళీ నవ్వింది.

విడమరిచి చెప్పిన తర్వాత ఒప్పుకున్నది. "రాయమను. నా పేరు మాత్రం పెద్ద అక్షరాలతో రాయమను. నేను నేర్పిన అక్షరాలే కదా దానికి" అన్నది. నేను కూడా ఒప్పుకున్నట్టే. పని మొదలుపెట్టే ముందు ప్రార్థన చేస్తామని తప్పకుండా రాయి. అది వదిలిపెట్టకు.

మందు మార్కాపురం డాక్టరు ఇచ్చిందే. పీల్చే మందు. దుమ్ముకు దూరంగా ఉంటేనే పని చేస్తుందని చెప్పినాడు. అందుకే తొట్టి అవతల కూర్చోబెట్టినాము.

నీ మీద దేవుని కాపుదల ఉండాలని కోరుకునే

అత్త


హైదరాబాదు,
19 నవంబరు 2023

అత్తా, శుభవార్త!

కేసు పూర్తయింది. క్లాసులో పెట్టాను. గంట మోగినా ఎవరూ లేవలేదు. మా డీన్ గారు వెనక కుర్చీలో కూర్చొని విని, ఇలాంటివే ఇంకా రాయాలన్నారు. ఈ కాలేజీలో నేను చేరిన తర్వాత ఆయన నన్ను పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

చివరి ప్రశ్న మాత్రం కొంచెం గట్టిగా పెట్టాల్సి వచ్చింది. కేసులో అందరూ మంచివాళ్ళే, అంతా సవ్యంగానే ఉందంటే వాదన పుట్టదు అత్తా. పిల్లలు ఆవులిస్తారు. ఒక చిక్కుముడి ఉండాలి. ఇంగ్లీషులో ఉంది కాబట్టి నీకు పంపలేదు. వచ్చినప్పుడు నేనే చదివి చెబుతాను.

అవును, వస్తున్నాను. జనవరిలో స్టూడెంట్లను బస్సులో తీసుకొస్తాను. షెడ్డు చూస్తారు, మీతో మాట్లాడతారు. భోజనం మేమే తెచ్చుకుంటాము, మీరు హడావుడి పడొద్దు.

నీ రోజీ


తర్లుపాడు,
17 డిసెంబరు 2023

రోజీకి,

భోజనం మీరు తెచ్చుకోవడం ఏందమ్మా? ఇంటికి వచ్చేవాళ్ళు సద్దిమూట కట్టుకొని వస్తారా? సజ్జరొట్టెలు, కోడికూర చేస్తున్నాము. కోడికూర తిననివాళ్ళు ఎవరన్నా ఉంటే ముందే రాయి, వంకాయ చేస్తాము.

శ్యామలక్క మీ కోసం ఒక పెద్ద పలక రాస్తా ఉంది. స్వాగతం అని. చెయ్యి వణకని పొద్దుటి పూట మాత్రమే రాస్తుంది. ఒక్కో రోజు ఒక్కో అక్షరం. ఆ పలకను ఎవరినీ ముట్టనివ్వదు. "పిల్లలు ఏం అడుగుతారో ముందే రాసి పంపమను, తప్పుగా జవాబు చెప్తే రోజీకి మాట వస్తుంది" అని రోజూ నన్ను సతాయిస్తా ఉంది.

క్రిస్మస్‌కు కొత్త గుడ్డలు కొనుక్కో. నీకు నువ్వు కొనుక్కోవు.

అత్త


తర్లుపాడు,
21 జనవరి 2024

రోజీ,

బస్సు వచ్చింది, నువ్వు రాలేదు. మీటింగు పడిందని, నీకు బదులు తాను వచ్చినానని ఎవరో సారు చెప్పినాడు. సరే అనుకున్నాము. పిల్లలు మంచివాళ్ళే. టోపీలు పెట్టుకొని వచ్చినారు. ఒక పిల్లోడు తొట్టి చూసి, "కరువు ప్రాంతంలో రాయి మీద ఇన్ని నీళ్ళు పోయడం తప్పు కదండీ" అన్నాడు. "పొయ్యకుంటే మేము పోతాము నాయనా" అని అక్కే జవాబు చెప్పింది. అందరూ నవ్వినారు, ఆ పిల్లోడు కూడా.

అప్పుడు ఒక అమ్మాయి అక్క పక్కన వచ్చి కూర్చున్నది. తెలుగు పిల్లే, చాలా మర్యాదగా మాట్లాడింది. ఆ మాటలు ఇంకా నా చెవిలోనే ఉన్నాయి.

"శ్యామలమ్మ గారంటే మీరేనా అండీ? మీరింకా ఇక్కడే ఉన్నారా?"

"ఇక్కడ కాక ఇంకెక్కడ ఉంటానమ్మా?"

"మా క్లాసులో ఓటింగు పెడితే మిమ్మల్ని తీసేయాలనే ఎక్కువమంది చేతులెత్తారండీ. నేను మాత్రం ఉంచాలనే ఎత్తాను."

మేలు చేసినట్టు చెప్పింది పాపం. అక్క ముందు తమాషా అనుకున్నది. "ఎక్కడి నుంచి తీసేస్తారమ్మా నన్ను, ఊర్లో నుంచా?" అన్నది. ఆ పిల్ల చేతిలో కాగితాలు ఉన్నాయి. చదివి తెలుగులో చెప్పమన్నది అక్క. నేను వద్దని అనలేదు. మా గురించి మంచే రాసుంటావు కదా అనుకున్నాను.

ఆ పిల్ల చదివింది. "ఎలీషబాకు నిద్ర పట్టడం లేదు. తన తోడికోడలు మిగతావాళ్ళ పనిలో సగం కూడా చేయలేకపోతోంది, కానీ వాటా మాత్రం సమానంగా తీసుకుంటోంది. ఆమెను తీసేయకపోతే గ్రూపు నిలవదని ఎలీషబాకు అనిపిస్తోంది. కానీ ఆ మాట నోటితో చెప్పే ధైర్యం లేదు. ఎలీషబా ఏం చేయాలి?"

రోజీ, నాకు ఎప్పుడు అట్ల అనిపించింది? ఎవరికి చెప్పినాను?

"ఇది నా మాట కాదు" అన్నాను. "మీరు మేడమ్‌కు రాసిన ఉత్తరంలోదే అంట కదండీ" అన్నది ఆ పిల్ల. అక్క నా వైపు తిరిగింది.

"ఉత్తరం రాసినావా?"

"రాసినా."

"నా చెయ్యి సంగతి రాసినావా?"

"రాసినా అక్కా, కానీ..."

ఆ కానీ వినలేదు. కుంచె కడిగింది. డబ్బాలో నిలబెట్టింది. కొంగు దులుపుకొని పోయింది. ఆమె పోయిన తర్వాత మీ పిల్లలు స్వాగతం పలక పట్టుకొని ఫోటో దిగినారు.

నువ్వు వచ్చి చెప్పాలి. ఆ మాట నీదని, నాది కాదని. నేను చెప్తే నమ్మదు.

అత్త


హైదరాబాదు,
4 ఫిబ్రవరి 2024

అత్తా,

ఏం రాయాలో తెలియడం లేదు. ఆ అమ్మాయి అలా మాట్లాడి ఉండకూడదు. ఊరికి పోయినప్పుడు కేసు గురించి ఎత్తవద్దని ముందే చెప్పి పంపాను. ఆమెను పిలిచి మందలించాను.

కానీ నువ్వు ఒకటి అర్థం చేసుకోవాలి. కేసులో కొంత కల్పన ఉంటుంది. పాఠం కోసం కొన్ని వివరాలు మార్చామని మొదటి పేజీ అడుగున రాశాను కూడా. నువ్వు దిగులుగా ఉందని రాశావు. ఆ దిగులునే నేను ఒక నిర్ణయం దాకా తీసుకెళ్ళాను. అది చెడ్డ ఉద్దేశంతో చేసింది కాదు. మనుషులను వదిలేసి లాభం చూసుకునే పిల్లలకు, వదిలేయడం ఎంత కష్టమో తెలియాలనే.

ఇప్పుడు పేరు మార్చేస్తున్నాను. శ్యామలమ్మ బదులు శివపార్వతి. ఊరు పేరు కూడా తీసేస్తున్నాను. మా కాలేజీని చూసి గుర్తింపు ఇచ్చే కమిటీ వస్తోంది, ఎండాకాలం దాకా కదలలేను. శ్యామలత్తకు ఫోనివ్వు, వీడియోలో మాట్లాడతాను. కొరియర్‌లో ఒక పెట్టె మాస్కులు పంపుతున్నాను.

కోపం పెట్టుకోకు అత్తా. ఇదంతా ఒక మంచి పని కోసమే.

రోజీ


తర్లుపాడు,
25 ఫిబ్రవరి 2024

రోజీకి,

ఫోను తీసుకొని పోయినాను. నీ ముఖం కనపడుతుంటే అక్క ముఖం తిప్పుకున్నది. అవతల నువ్వు హలో హలో అంటున్నావు. "సిగ్నలు లేదు" అని నేనే ఆపేసినాను. అబద్ధమాడినాను.

శ్యామలక్క పొడి రాయి కోసే షెడ్డులో చేరింది. మార్కాపురం పోయే దారిలో ఉంది. ఈ వయసులో, ఆ ఊపిరితో. నేను ఇంటికి పోయి కాళ్ళు పట్టుకున్నాను. "నేను సగం మనిషిని కాదని అక్కడ చూపిస్తా. అక్కడ ఎంత కోస్తే అంత కూలి. ఎవరి దయా లేదు" అన్నది. చర్చిలో నా పక్కన కూర్చోవడం మానేసింది. పీల్చే మందు గూట్లో అట్లనే ఉంది. దుమ్ములో కూర్చొని అది పీల్చినా ఒకటే, పీల్చకపోయినా ఒకటే.

షెడ్డులో మిగతావాళ్ళు ఏమంటున్నారో కూడా విను. వెంకటరత్నమ్మ మొదలుపెట్టింది. "అంత చదువుకున్న పిల్లలు ఊరికే అంటారా? ఎవరి పలకలు వాళ్ళవి లెక్క కట్టుకుంటే పోలా?" అని. రాధాకుమారి తలూపింది. నిరుడు కాన్పయిన తర్వాత ఆమె పనికి రాని నెలల్లో కూడా వాటా తీసుకున్నది. అది గుర్తు చేస్తే ఏడ్చింది, కానీ తల మాత్రం ఊపుతానే ఉంది. నీ పాఠం ఇక్కడ కూడా నడుస్తా ఉంది, ఫీజు లేకుండా.

పేరు మార్చినానన్నావు. ఇప్పుడు మారిస్తే ఎవరికి మేలు? శివపార్వతికి దగ్గు రాదు. మా అక్కకు వస్తుంది.

నీ ప్రశ్న నాకు నచ్చలేదు రోజీ. ఎలీషబా ఏం చేయాలి అని అడిగినావు. ఎలీషబా తొట్టి అవతల పీట వేసి అక్కను కూర్చోబెట్టింది, చేయాల్సింది చేసింది. మేనత్త తనకు ఒక్కదానికే రాసుకున్న మాటను తీసుకొని ఇంకో మాట చేసిన రోజీ ఏం చేయాలి? ఆ ప్రశ్న పెట్టు. చేతులెత్తించు.

ఒక్క రోజు చాలు. బస్సెక్కి వచ్చి, అక్క ముందు కూర్చొని, అది నా మాట, మా అత్త మాట కాదు అని చెప్పు. ఆ షెడ్డు మానేస్తుంది. నాకు తెలుసు. ఎండాకాలం దాకా ఆగేంత ఊపిరి ఆమెకు లేదు.

నీ మీద కోపం పోవాలని మోకరించి అడుగుతున్నాను. ఇంకా పోలేదు.

ఎలీషబా


హైదరాబాదు,
24 మార్చి 2024

ప్రియమైన అత్తా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు ఏడ్చాను. తర్వాత ధైర్యం చేసి, నువ్వన్నట్టే, ఆ ప్రశ్న క్లాసులో పెట్టాను. అవును, నా గురించే. కేసు రాసిన మనిషి బాధ్యత ఏమిటి అని. ఇంత నిజాయితీగా ఏ టీచరూ మాట్లాడలేదని పిల్లలు లేచి చప్పట్లు కొట్టారు. దాదాపు అందరూ రోజీ వెళ్ళాలి అనే చేతులెత్తారు.

ఇంకొక సంగతి. ఈ కేసుకు బెంగళూరు సదస్సులో బహుమతి వచ్చింది. ఆ వేదిక మీద నీ పేరు చెప్పాను. అందరూ రెండో భాగం ఎప్పుడు అని అడుగుతున్నారు. కేసులకు రెండో భాగం ఉంటుంది, తర్వాత ఏం జరిగిందో అందులో చెబుతాము. శ్యామలత్త ఆ షెడ్డులో చేరడం, గ్రూపులో వాటాల మీద మాట పుట్టడం, ఇవన్నీ పిల్లలకు తెలియాలి. నీకు వీలైనంత వివరంగా రాస్తావా? పేర్లన్నీ మార్చేస్తాను, ఒట్టు.

పరీక్ష పేపర్లు దిద్దే పని ఉంది. జూన్‌లో తప్పకుండా వస్తాను.

మాస్కులు అందాయా?

నీ రోజీ


తర్లుపాడు,
14 ఏప్రిల్ 2024

రోజీ,

మాస్కులు అందినాయి. పొడి షెడ్డులో అందరికీ పంచమని తీసుకొని పోతే ఓనరు పెట్టె లోపల పెట్టుకున్నాడు. ఎవరన్నా చూడటానికి వచ్చిన రోజు ఇస్తాడంట.

అందరూ చేతులెత్తినారు. నువ్వు రాలేదు.

మా షెడ్డు తాళం వెంకటరత్నమ్మకు ఇచ్చినాను. వాళ్ళు ఇప్పుడు ఎవరి పలకలు వాళ్ళు వేరుగా పేర్చుకుంటున్నారు. ముక్కల దగ్గర పోట్లాడుకుంటున్నారు. ప్రార్థనకు ఆగితే పని తగ్గుతుందని అది కూడా మానేసినారు. సోమవారం పొద్దున అక్క పోయే షెడ్డుకే పోయి, పని ఇవ్వమని అడిగినాను.

ఎందుకు పోయినావని అడుగుతావేమో. నేను ఎంత చెప్పినా అది నా నోటి నుంచి వచ్చే మాటే. ఆమెకు నా నోటి మాట మీద నమ్మకం పోయింది. ఇంకో దారి నాకు తోచలేదు.

ఇన్నేళ్ళు తడి రాయి దగ్గర కూర్చున్నాను కదా, పొడి రాయి ఎట్లుంటుందో మరిచిపోయినాను. మిషను ఆడించగానే ఎదుటి మనిషి కనపడలేదు. నోట్లో, కళ్ళలో, ముక్కులో అంతా అదే. ఒక చెంబు నీళ్ళు చల్లబోతే, "తడిపితే పని సాగదు, తడుపుకోవాలంటే మీ షెడ్డుకే పో" అన్నాడు మేస్త్రీ. జోసెఫ్ మామ గుర్తుకు వచ్చినాడు. దగ్గు ఆగక వంగి కూర్చున్నాను.

అక్క తన మిషను ఆపి వచ్చింది. నా వెనక నిలబడింది. భుజం మీది తువ్వాలు తీసి, రెండు మడతలు పెట్టి, నా ముక్కూ నోరూ కలిపి కట్టింది. ముడిలో వెంట్రుకలు పడినా చూడలేదు, గట్టిగా బిగించింది. పోయి తన పని చేసుకున్నది. ఆమె ముఖానికి ఏమీ లేదు అప్పుడు. పైట చెంగు పళ్ళతో పట్టుకున్నది.

మరుసటి రోజు నేను రెండు తువ్వాళ్ళు తీసుకొని పోయినాను. ఒకటి ఆమె మిషను మీద పెట్టినాను. కట్టుకున్నది. మాట ఇంకా లేదు.

ఇది నీకు రెండో భాగం కాదు. నువ్వు మా దేవరాజు అన్న బిడ్డవని రాసినాను. ఎవరికీ చదివి వినిపించొద్దు.

నేను ఇంక ఉత్తరాలు రాయను. జూన్‌లో వస్తే ఇంటికి పోవద్దు, సాయంత్రం ఆ షెడ్డు గేటు దగ్గర నిలబడు. అప్పటికి ఇద్దరమూ ఉంటే ఇద్దరమూ బయటికి వస్తాము. తల నుంచి పాదాల దాకా బూడిద పూసినట్టు ఉంటాము, ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టం. దగ్గుతా వచ్చేది ఆమె అనుకోవద్దు, ఇప్పుడు నేనూ దగ్గుతున్నాను. జాగ్రత్తగా చూసుకొని, ముందు ఆమెను పలకరించు.

ఎలీషబా